డాక్టరు కావాలనుకునే బైపీసీ విద్యార్థి శరీరాన్ని ఏ వరసలో చదవాలి: శ్రీకాకుళం, విజయనగరం విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంటర్ బైపీసీలో చేరే పిల్లల్లో చాలామంది మనసులో ఎంబీబీఎస్ ఉంటుంది. వారికి అందే సలహాలు మాత్రం దాదాపు అన్నీ నీట్ మార్కుల చుట్టూనే తిరుగుతాయి. 720 మార్కుల్లో జీవశాస్త్రానికే 360 ఉన్నప్పుడు మార్కుల లెక్క చూసుకోవడం న్యాయమే. అయితే నాలుగు జవాబుల్లో సరైనదాన్ని గుర్తుపట్టే నేర్పు ఒకటి, శరీరం లోపల ఏది దేనివల్ల జరుగుతోందో వివరించగల జ్ఞానం మరొకటి. ఎంబీబీఎస్ మొదటి సంవత్సరంలో తడబడే విద్యార్థులకు చాలాసార్లు కొరవడేది ఈ రెండోదే.

ఈ మార్గదర్శి ఆ రెండోదాని కోసం. ఇందులో నేను పట్టుబట్టేది వరస గురించి. ఆరోగ్యంగా ఉన్న శరీరాన్ని కొలతలతో సహా తెలుసుకున్న తరవాతే రోగం జోలికి వెళ్లాలి. అవయవాలన్నిటినీ పైపైన తడమడం కంటే ఒక్క అవయవాన్ని అడుగుదాకా చదివి, దాని గుండా మిగతా శరీరంలోకి ప్రవేశించడం మేలు. ఆ ఒక్క అవయవంగా మూత్రపిండాన్ని ఎంచుకున్నాను. కారణం చెప్పనక్కర్లేదు: మూత్రపిండ వ్యాధి విస్తరించిన ఉద్దానం శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది, డయాలసిస్ అనే మాట తెలియని ఇల్లు ఆ ప్రాంతంలో దొరకడం కష్టం.

మొదటి మెట్టు: శరీరపు పటం, శాస్త్రపదాలు

ఒక తెల్లకాగితం మీద మనిషి ఆకారాన్ని గీసి, పుస్తకం చూడకుండా అవయవాలను వాటి స్థానాల్లో పెట్టడంతో మొదలుపెట్టండి. వైద్యశాస్త్రంలో శరీర స్థానాలన్నీ ఒకే భంగిమను ఆధారం చేసుకుని చెబుతారు: మనిషి నిటారుగా నిలబడి, ముఖం ముందుకు పెట్టి, అరచేతులు మనవైపు తిప్పి ఉండాలి. కుడి, ఎడమ అన్నవి ఎప్పుడూ రోగివే, చూసేవారివి కావు. కాబట్టి బొమ్మలో కాలేయం మీ ఎడమచేతివైపు పడుతుంది. ఇది చిన్న విషయమే అయినా ఎక్స్‌రే చూడటం మొదలుపెట్టిన రోజున అందరినీ ఒకసారి ఇబ్బంది పెడుతుంది.

పటంలో ప్రతి అవయవానికీ మూడు సంగతులు రాసుకోండి: ఎక్కడ ఉంది, ఎంత పరిమాణంలో ఉంది, దాని పొరుగున ఏమున్నాయి. ఉదాహరణకు మూత్రపిండాలు పొట్ట ముందు భాగంలో ఉండవు. వెనక గోడకు ఆనుకుని, వెన్నెముకకు రెండువైపులా, చివరి పక్కటెముకల మరుగున ఉంటాయి. పెద్దవారిలో ఒక్కొక్కటి సుమారు 11 సెంటీమీటర్ల పొడవు, 150 గ్రాముల బరువు ఉంటుంది. కుడిదాని పైన కాలేయం ఉండటం వల్ల అది ఎడమదానికంటే కొద్దిగా కిందికి ఉంటుంది. పొరుగు తెలిస్తే చాలా ప్రశ్నలు వాటంతట అవే విడిపోతాయి. మూత్రపిండంలో రాయి ఉన్నవారు నడుముపక్కన పట్టుకుని ఎందుకు మెలికలు తిరుగుతారో స్థానం చూస్తేనే అర్థమవుతుంది.

తెలుగు మాధ్యమంలో చదివినవారు పదాలను చూసి జంకనక్కర్లేదు. నోటు పుస్తకంలో రెండు వరసలు గీసి, ఒకవైపు తెలుగు అకాడమీ పదాన్ని, రెండోవైపు ఆసుపత్రిలో వాడే పదాన్ని రాసుకుంటూ పోండి: వృక్కం పక్కన కిడ్నీ, ధమని పక్కన ఆర్టరీ, జఠరిక పక్కన వెంట్రికిల్. వైద్యపదాలు చాలావరకు కొద్దిపాటి ముక్కల కలయికే. నెఫ్రో అంటే మూత్రపిండం, హెపాటో అంటే కాలేయం, కార్డియో అంటే గుండె. చివర ఐటిస్ ఉంటే ఆ భాగంలో శోథం (మంటతో కూడిన వాపు), ఈమియా ఉంటే రక్తంలో ఉన్న స్థితి, యూరియా (-uria) ఉంటే మూత్రంలో కనబడేది. ఈ ముక్కలు ఓ యాభై పట్టుబడితే, ముందెన్నడూ చూడని పదాన్ని కూడా విడగొట్టి అర్థం ఊహించవచ్చు.

రెండో మెట్టు: ఆరోగ్యవంతుడి అంకెలు, వాటిని స్వయంగా కొలవడం

విశ్రాంతిగా ఉన్న పెద్దవారిలో నాడి నిమిషానికి 60 నుంచి 100 సార్లు, శ్వాస 12 నుంచి 20 సార్లు ఉంటుంది. రక్తపోటు సుమారు 120/80, శరీర ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది. పరగడుపున రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు 70 నుంచి 100 మిల్లీగ్రాములు ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం ప్రకారం హిమోగ్లోబిన్ డెసిలీటరుకు పురుషుల్లో 13 గ్రాములకు, గర్భిణులు కాని స్త్రీలలో 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతగా లెక్కిస్తారు. వీటిని కంఠస్థం చేయడం ఒక సాయంత్రం పని. అంకె వెనక ఉన్న యంత్రాంగాన్ని పట్టుకోవడానికి మాత్రం చేతితో కొలిచి చూడాలి.

నాడితో ప్రారంభించండి. ఎదుటివారిని కూర్చోబెట్టి, వారి ముంజేతిని బల్లమీద అరచేయి పైకి ఉండేలా ఆనించండి. బొటనవేలి మొదలుకు సూటిగా మణికట్టు దగ్గర ఒక ఎముక అంచు తగులుతుంది. ఆ అంచుకు లోపలిపక్క, స్నాయువులకు ముందు, చిన్న పల్లం ఉంటుంది. మీ చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్ల కొసలను ఆ పల్లంలో వరసగా ఆనించి, మొదట తేలికగా, తరవాత కొద్దికొద్దిగా నొక్కండి. మరీ నొక్కితే ధమని మూసుకుపోయి దెబ్బ ఆగిపోతుంది. అప్పుడు కాస్త సడలించాలి. బొటనవేలితో చూడకూడదు, దాని సొంత నాడి మిమ్మల్ని తికమక పెడుతుంది. 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయవచ్చు. దెబ్బల మధ్య ఎడం సమానంగా లేదనిపిస్తే మాత్రం నిమిషం పూర్తిగా లెక్కించాలి. ఎన్ని అన్న ప్రశ్నతోనే ఆగకుండా, లయ సమంగా ఉందా, దెబ్బ నిండుగా ఉందా బలహీనంగా ఉందా అన్నవి కూడా రాసుకోవాలి.

ఇప్పుడు ఆ అంకెకు లెక్క కట్టండి. గుండె ఎడమ జఠరిక ఒక్కో సంకోచంలో సుమారు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని బృహద్ధమనిలోకి పంపుతుంది. నిమిషానికి 72 సార్లు అంటే 5,040 మిల్లీలీటర్లు, అంటే ఇంచుమించు 5 లీటర్లు. పెద్దవారి శరీరంలోని మొత్తం రక్తం కూడా దాదాపు అంతే కాబట్టి, విశ్రాంతిలో సైతం నిమిషానికొకసారి రక్తమంతా ఒక చుట్టు తిరిగి వస్తోందన్నమాట.

తరవాత ఇంట్లోనే చేయదగిన ఒక ప్రయోగం ఉంది. మీ స్నేహితుణ్ణి అయిదు నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి నాడి చూడండి; లేచి నిలబడిన నిమిషానికి మళ్లీ చూడండి. సాధారణంగా పదీ ఇరవై దాకా పెరుగుతుంది. నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోని సిరల్లోకి జారుతుంది, గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గుతుంది. ఆ తగ్గుదలను మెడలోని కరోటిడ్ ధమని గోడల్లోనూ, బృహద్ధమని వంపులోనూ ఉన్న పీడనగ్రాహకాలు పసిగట్టి మెదడు కింది భాగమైన మజ్జాముఖానికి కబురు చేస్తాయి. అక్కణ్ణుంచి సహానుభూత నాడులు గుండె వేగాన్ని పెంచి, రక్తనాళాలను బిగిస్తాయి. ఇదంతా కొద్ది సెకన్లలో జరిగిపోతుంది. వాంతులు, విరేచనాలతోనో, మే నెల ఎండలో పనిచేసో ఒంట్లో నీరు బాగా కోల్పోయినవారిలో ఈ పెరుగుదల 30 దాటిపోతుంది. నిలబడలేకపోవడం కూడా కనబడవచ్చు. అందుకే డాక్టర్లు రోగిని పడుకోబెట్టీ నిలబెట్టీ రెండుసార్లు చూస్తారు. సమస్థితి (శరీరం తన లోపలి స్థితిని నిలకడగా ఉంచుకోవడం) అని పుస్తకంలో ఒక పేరా చదివినదానికంటే ఈ రెండు అంకెల తేడా ఎక్కువ నేర్పుతుంది.

రక్తపోటు కొలిచేటప్పుడు నియమాలు తప్పితే అంకె తప్పుతుంది. కొలిపించుకునేవారు అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి, చేయి గుండె ఎత్తులో ఉండాలి, పట్టీ చొక్కా చేతిమీద కాకుండా నేరుగా చర్మంమీద చుట్టాలి, అరగంట ముందు టీ, చుట్ట, బీడీ ఉండకూడదు. స్టెతస్కోపుతో వినే పద్ధతిని రష్యన్ సైనిక వైద్యుడు నికొలాయ్ కొరట్కాఫ్ 1905లో వివరించారు. పట్టీని బిగించి గాలి వదులుతున్నప్పుడు మొదటిసారి టక్కుమని వినబడేది పై అంకె, శబ్దం పూర్తిగా ఆగిపోయేది కింది అంకె. ధమనిలో రక్తం సాఫీగా పారుతున్నప్పుడు శబ్దం ఉండదు. పట్టీ నొక్కుడుకు సగం మూసుకున్న దారిలో సుడులు తిరుగుతూ దూసుకుపోయేటప్పుడే వినబడుతుంది. భౌతికశాస్త్రంలో చదివే ద్రవప్రవాహ పాఠం ఇక్కడ అక్కరకొస్తుంది.

మూడో మెట్టు: మూత్రపిండాన్ని అడుగుదాకా చదవడం

ఇక్కడ తొందరపడకండి. వారం పట్టినా ఫరవాలేదు.

ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. ప్రతి నెఫ్రాన్ మొదట్లో కేశనాళికల ముద్ద (గుచ్ఛం) ఒకటి, దాన్ని కప్పుతూ బౌమన్ గుళిక ఉంటాయి. రక్తాన్ని లోపలికి తెచ్చే అభివాహి ధమనికకూ, బయటికి తీసుకుపోయే అపవాహి ధమనికకూ మధ్య ఈ ముద్ద ఉండటమే దీని ప్రత్యేకత. శరీరంలో తక్కినచోట్ల కేశనాళికల తరవాత సిర వస్తుంది. ఇక్కడ మళ్లీ ధమనికే వస్తుంది. ఆ రెండు ద్వారాల్లో ఏది బిగిసినా, ఏది సడలినా మధ్యలోని పీడనం మారి, వడపోత మారుతుంది. ఈ ఒక్క సంగతి మనసులో నాటుకుంటే, తరవాత వచ్చే మందుల పాఠం సగం అయిపోయినట్టే.

రెండు మూత్రపిండాలూ కలిసి నిమిషానికి దాదాపు 125 మిల్లీలీటర్ల ప్లాస్మాను వడకడతాయి. దీన్ని గుచ్ఛగాలన రేటు అంటారు. ఆసుపత్రిలో జీఎఫ్ఆర్ అంటారు. 125ను 60తో, మళ్లీ 24తో గుణిస్తే రోజుకు 180 లీటర్లు. ఒంట్లో ఉన్న ప్లాస్మా సుమారు 3 లీటర్లే కాబట్టి అది రోజుకు 60 సార్లు వడపోతకు వెళ్లి వస్తోంది. మనం విసర్జించే మూత్రం మాత్రం లీటరున్నర. అంటే వడకట్టినదాంట్లో 99 శాతం తిరిగి రక్తంలోకి చేరుతోంది. గ్లూకోజ్‌కు కూడా ఇదే లెక్క వేయండి: డెసిలీటరుకు 90 మిల్లీగ్రాముల చొప్పున 180 లీటర్లలో 162 గ్రాములు వడపోతలో బయటికి పోతుంది, అదంతా బౌమన్ గుళిక తరవాత మొదలయ్యే సమీపస్థ సంవళిత నాళికలోనే తిరిగి లోపలికి వస్తుంది. రక్తంలో గ్లూకోజ్ సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే ఆ నాళికలోని వాహక ప్రోటీన్లకు మోసే శక్తి చాలదు, మిగిలిపోయింది మూత్రంలో కనబడుతుంది. షుగరు వ్యాధిలో మూత్రం ఎక్కువ కావడానికీ, దాహం పెరగడానికీ మూలం ఇక్కడే ఉంది: నాళికలో మిగిలిన గ్లూకోజ్ ద్రవాభిసరణ వల్ల నీటిని తనతోపాటే పట్టుకుపోతుంది.

ఇప్పుడు క్రియేటినిన్. ఉద్దానంలో ఈ మాట చదువురానివారి నోట కూడా వినబడుతుంది. కండరాల్లోని క్రియేటిన్ ఫాస్ఫేట్ నుంచి రోజూ దాదాపు ఒకే మోతాదులో ఇది పుడుతుంది, మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. పుట్టుక స్థిరంగా ఉండి, పోయే దారి సగమైతే, రక్తంలో మట్టం రెట్టింపయ్యేదాకా పెరిగి అక్కడ నిలుస్తుంది. కాబట్టి జీఎఫ్ఆర్ 100 ఉన్నప్పుడు క్రియేటినిన్ డెసిలీటరుకు 1 మిల్లీగ్రాము అనుకుంటే, 50కి పడితే 2, 25కు పడితే 4, పన్నెండున్నరకు పడితే 8. ఈ అంకెలతో గ్రాఫ్ గీసి చూడండి. సరళరేఖ రాదు, మొదట్లో చదునుగా సాగి చివర్లో నిట్టనిలువుగా లేచే వక్రరేఖ వస్తుంది. మూత్రపిండాల పనిలో మొదటి సగం పోయేటప్పుడు క్రియేటినిన్ పెరిగేది ఒక్క మిల్లీగ్రాము మాత్రమే. 1 నుంచి 2కు చేరడం మామూలు సంగతనీ, 6 నుంచి 8కి చేరడం ఘోరమనీ జనం అనుకుంటారు. పోయిన సామర్థ్యాన్ని బట్టి చూస్తే మొదటిదే పెద్ద నష్టం.

ఇంకో మెలిక కూడా ఉంది. క్రియేటినిన్ కండరాల నుంచి వస్తుంది కనుక, కండ తక్కువున్నవారిలో పుట్టేదే తక్కువ. క్రియేటినిన్, వయసు, స్త్రీ పురుష భేదాలను బట్టి జీఎఫ్ఆర్‌ను అంచనా వేసే 2021 నాటి సీకేడీ-ఎపి సమీకరణంలో వేసి చూస్తే, 25 ఏళ్ల యువకుడికి క్రియేటినిన్ 1.2 ఉంటే జీఎఫ్ఆర్ సుమారు 86 వస్తుంది, అదే 1.2 ఉన్న 60 ఏళ్ల స్త్రీకి 52 మాత్రమే వస్తుంది. అంకె ఒకటే, మూత్రపిండాల స్థితి రెండు రకాలు. రిపోర్టులో పక్కన అచ్చువేసిన సాధారణ పరిధిని మాత్రమే చూసి తీర్పు చెప్పకూడదనేది ఇందుకే.

జీఎఫ్ఆర్ 60 కంటే తక్కువగా మూడు నెలలకు మించి ఉంటే, లేదా మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోవడంవంటి దెబ్బతిన్న గుర్తులు అంతకాలం కనబడితే, దాన్ని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అంటారు. ఆ గుర్తులుండి జీఎఫ్ఆర్ 90కి పైన ఉంటే మొదటి దశ, 15 లోపల ఉంటే అయిదో దశ. మూడో దశలో కూడా చాలామందికి ఏ బాధా తెలియదు. మిగిలిన నెఫ్రాన్లు పోయినవాటి పనిని కూడా నెత్తిన వేసుకుని చేస్తుంటాయి.

మూత్రపిండం గుండా మిగతా శరీరంలోకి వెళ్లడం ఎలాగో చూడండి. ఎర్ర రక్తకణాల తయారీకి మూలుగను ప్రేరేపించే ఎరిత్రోపోయిటిన్ మూత్రపిండాల్లో తయారవుతుంది. అందువల్ల ఈ రోగులు పాలిపోతారు. విటమిన్ డి చివరి రూపాన్ని సంతరించుకునేదీ ఇక్కడే. అందువల్ల ఎముకలు బలహీనమవుతాయి. రక్తపోటును నడిపించే రెనిన్ ఇక్కడే స్రవిస్తుంది. అందువల్ల బీపీ పెరుగుతుంది. పొటాషియం బయటికి పోకపోతే గుండె లయ తప్పుతుంది. ఒక్క అవయవం నుంచి బయల్దేరి రక్తం, ఎముక, నాళం, గుండె నాలుగూ తాకి వచ్చారు.

చివరగా ఒక మందు. నొప్పి మాత్రలైన డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అభివాహి ధమనికను తెరిచి ఉంచి వడపోతను కాపాడేవి ఆ ప్రోస్టాగ్లాండిన్లే. జీడితోటలోనో వరిమడిలోనో రోజంతా చెమటోడ్చిన కూలీ సాయంత్రం ఒళ్లునొప్పులకు ఈ మాత్ర వేసుకుంటే, సరిగ్గా అవసరమైన వేళ ఆ రక్షణ తొలగిపోతుంది. ఇందాక చెప్పిన రెండు ద్వారాల బొమ్మను మళ్లీ గీసి, ఏ ద్వారం బిగుస్తోందో బాణం గుర్తు పెట్టండి.

నాలుగో మెట్టు: ఒకే లక్షణం, మూడు దారులు

రోగి తన జబ్బు పేరుతో రాడు, ఒక బాధతో వస్తాడు. కాబట్టి ఒక లక్షణాన్ని తీసుకుని, దానికి దారితీసే యంత్రాంగాలను వేరు చేయడం అభ్యాసం చేయాలి. వాపు ఇందుకు మంచి ఉదాహరణ.

కేశనాళికలో రక్తపీడనం నీటిని బయటికి నెడుతుంది. ప్లాస్మాలోని ఆల్బుమిన్ నీటిని లోపలికి లాగి పట్టుకుంటుంది. ఇంకా బయట మిగిలినదాన్ని శోషరస నాళాలు ఏరుకుని తిరిగి రక్తంలో చేరుస్తాయి. ఈ మూడింట్లో ఏది చెడినా కణజాలంలో నీరు చేరుతుంది, కానీ ముగ్గురు రోగులూ ఒకేలా కనబడరు. గుండె బలహీనపడినవారిలో సిరల్లో పీడనం పెరిగి, సాయంత్రానికి రెండు పాదాలూ వాస్తాయి, వేలితో నొక్కితే గుంట పడుతుంది. మూత్రంలో ఆల్బుమిన్ విపరీతంగా పోయేవారిలో పొద్దున్నే కళ్లచుట్టూ ఉబ్బు కనబడుతుంది. బోదకాలులో శోషరస నాళాలు దెబ్బతింటాయి. తరచు ఒక కాలే వాచి, చర్మం మందమై, ముదిరిన దశలో నొక్కినా గుంట పడదు.

బోదకాలు ఉత్తర కోస్తాకు పాత చుట్టమే. వుచెరీరియా బాంక్రాఫ్టీ అనే పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో తలదాచుకుని, రాత్రివేళ చర్మపు రక్తంలోకి వస్తాయి. వాటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేదీ రాత్రే. ఆరోగ్య సిబ్బంది ఈ పరీక్షకు రాత్రి పూట ఇళ్లకు వచ్చి రక్తపు చుక్క తీసుకునేది ఇందుకే. దీని చికిత్సలో వాడే డైఇథైల్ కార్బమజీన్‌ను 1940ల్లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో వెలికితీసిన పరిశోధనకు నాయకత్వం వహించినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మీరు జీవరసాయన శాస్త్రంలో చదివే ఏటీపీ కథలో కూడా ఆయన పేరుంటుంది.

జ్వరం, ఆయాసం, పసుపురంగు కళ్లు, కడుపునొప్పి, ఈ నాలుగింటికీ ఇదే పద్ధతిలో మీరే కాగితంమీద దారులు గీయండి. రోగాల పేర్ల చిట్టాతో కాకుండా ‘ఏ యంత్రాంగం చెడితే ఇలా కనబడుతుంది’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టాలి.

అయిదో మెట్టు: జన్యువు నుంచి నొప్పి దాకా

జన్యుశాస్త్రాన్ని చాలామంది లెక్కల పాఠంగా చదివి వదిలేస్తారు. సికిల్ సెల్ రక్తహీనతను పట్టుకుంటే అది రోగి పడక పక్కకు వస్తుంది. ఏజెన్సీలోని గిరిజన కుటుంబాల్లో కనబడే జబ్బు కనుక, పార్వతీపురం, సీతంపేట వైపు పనిచేయబోయే డాక్టరుకు ఇది పుస్తకాల్లో మాత్రమే ఉండే సంగతి కాదు.

హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో ఉండవలసిన గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వస్తుంది. డీఎన్ఏలో మారింది ఒక్క అక్షరమే. గ్లుటామిక్ ఆమ్లం నీటితో కలిసేది, వాలీన్ నీటికి దూరంగా తొలగేది; అందువల్ల ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి పోగులవుతాయి, కణం కొడవలిలా వంగుతుంది. వంగిన కణాలు సన్నని నాళాల్లో ఇరుక్కుంటే నొప్పి, త్వరగా చిట్లిపోతే రక్తహీనత. మామూలు ఎర్ర రక్తకణం 120 రోజులు బతికితే ఇవి పది ఇరవై రోజులకే నశిస్తాయి. ఇది అణువు స్థాయి జబ్బు అని లైనస్ పౌలింగ్ బృందం 1949లో నిరూపించింది. ఒక్క జన్యువు మాత్రమే మారిన వాహకులకు తీవ్రమైన ఫాల్సిపారమ్ మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుంది కాబట్టే, తరతరాలుగా మలేరియా ఉన్న ప్రాంతాల్లో ఈ జన్యువు నిలిచి ఉంది.

తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ‘నలుగురిలో ఒకరికి వస్తుంది, మొదటివాడికి వచ్చేసింది కాబట్టి మిగతా ముగ్గురికీ ఫరవాలేదు’ అని కుటుంబాలు అనుకోవడం కద్దు. నాణేనికి పాత బొమ్మ గుర్తుండనట్టే ఇక్కడా ఏ కాన్పు లెక్క ఆ కాన్పుదే. నలుగురు పిల్లల్లో ఒక్కరికీ రాకుండా ఉండే అవకాశం మూడు బై నాలుగును నాలుగుసార్లు గుణిస్తే వచ్చే 32 శాతం మాత్రమే. కేంద్రప్రభుత్వం 2023 జులై 1న మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం పరీక్షలకూ, పెళ్లికి ముందు సలహాకూ అంత ప్రాధాన్యం ఇవ్వడానికి ఈ లెక్కే ఆధారం.

ఆరో మెట్టు: ఆధారాన్ని తూచడం

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో వ్యాపించిన ఉద్దానం మూత్రపిండ వ్యాధికి కారణం ఇదీ అని ఇంతవరకు నిర్ధారణ కాలేదు. చాలామంది రోగుల్లో షుగరూ, మొదట్లో బీపీ కూడా ఉండవు. ఎండలో శ్రమ, నీటి కొరత, భూగర్భజలంలోని సిలికా, పురుగుమందులు, నొప్పిమాత్రలు, వంశపారంపర్యం, అన్నీ పరిశీలనలో ఉన్నవే. శ్రీలంక వరిపొలాల్లోనూ, మధ్య అమెరికా చెరకు తోటల్లోనూ ఇలాంటి వ్యాధే ఉంది. ఊళ్లో ఎవరినడిగినా ఒక కారణం గట్టిగా చెబుతారు. డాక్టరు కావాలనుకునేవారు మాత్రం ఆ ఖచ్చితత్వానికి లొంగకూడదు.

సిలికా ఎక్కువున్న నీరు తాగే ఊళ్లలో రోగులు ఎక్కువని ఒక అధ్యయనంలో తేలిందనుకుందాం. ఆ ఊళ్లలోనే ఎండలో పనిచేసేవారు కూడా ఎక్కువై ఉంటే? అప్పుడు దోషం నీటిదో ఎండదో విడదీయడం ఎలా? ఒకసారి వెళ్లి రక్తం తీసి లెక్కపెట్టే సర్వే ఎంతమందికి ఉందో చెబుతుంది, ఎందుకు వచ్చిందో చెప్పలేదు. రోగులనూ, అదే వయసు ఆరోగ్యవంతులనూ పోల్చి గత అలవాట్లు అడిగే అధ్యయనం కొంత మెరుగు. కానీ జబ్బుపడ్డవారు పాత సంగతులు ఎక్కువ గుర్తుచేసుకుంటారు. ఆరోగ్యంగా ఉన్నవారిని ముందే నమోదు చేసుకుని, నీరు, పని, మందులు అన్నీ కొలుస్తూ ఏళ్ల తరబడి వెంట నడిచే అధ్యయనమే అన్నిటికంటే బలమైనది, ఖర్చూ ఓపికా ఎక్కువ అడిగేది కూడా అదే.

హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని పైపుల్లో ఉద్దానానికి అందిస్తున్నారు; పలాసలో 200 పడకల ఆసుపత్రితో పాటు కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. కొన్నేళ్ల తరవాత కొత్త రోగులు తగ్గారనుకుంటే, అది నీరు మారినందువల్లేనా, లేక పరీక్షలూ అవగాహనా పెరిగి జనం నొప్పిమాత్రలు మానినందువల్లా? ఈ ప్రశ్నను మీ తరగతిలో అరగంట చర్చించండి.

ఏడో మెట్టు: నీట్, కళాశాల, హద్దు

పై మెట్లు నీట్‌కు అడ్డం రావు, పైగా జీవశాస్త్రంలోని శరీరధర్మ భాగాన్ని గట్టిపరుస్తాయి. ప్రస్తుత పద్ధతిలో 180 ప్రశ్నలకు 180 నిమిషాలు, సరైనదానికి 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. తెలుగులోనూ ప్రశ్నపత్రం ఎంచుకోవచ్చు. రోజూ పాఠ్యపుస్తకం చదవడం, పాత ప్రశ్నలు చేయడం యథావిధిగా సాగనిచ్చి, పైన చెప్పిన పనికి ఆదివారం రెండు గంటలు కేటాయిస్తే సరిపోతుంది.

సీటు శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాలలో వచ్చినా, 2023లో తరగతులు మొదలైన విజయనగరం ప్రభుత్వ కళాశాలలో వచ్చినా, నెల్లిమర్ల మిమ్స్‌లో, రాగోలు జెమ్స్‌లో, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో వచ్చినా మొదటి సంవత్సరపు ప్రధాన సబ్జెక్టులు అవే: శరీర నిర్మాణ శాస్త్రం, శరీరధర్మ శాస్త్రం, జీవరసాయన శాస్త్రం. పటం, కొలత, అణువు అన్న వరసలో మీరు చదివింది వాటికి నేరుగా పనికొస్తుంది. చదువు నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్.

ఒక హెచ్చరిక. ‘మా అబ్బాయి డాక్టరీకి చదువుతున్నాడు’ అని ఇంట్లో అనగానే పక్కింటివారు రిపోర్టులు పట్టుకొస్తారు. మందు పేరు చెప్పకండి, ఉన్న మందు ఆపమనకండి, ఏం ఫరవాలేదు అని ధైర్యం కూడా చెప్పకండి. ఇతరుల రిపోర్టు ఫొటో తీసి స్నేహితులకు పంపడం అసలే కూడదు. మీరు చేయదగిన సాయం ఒకటుంది. వారి పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో ఒక కవరులో పెట్టించి, ఒక కాగితంమీద తేదీ, క్రియేటినిన్, బీపీ, అప్పుడు వేసుకుంటున్న మందుల పేర్లు వరసగా రాసి ఇవ్వండి; దాన్ని పీహెచ్‌సీ డాక్టరుకో, నెఫ్రాలజిస్టుకో చూపించమని చెప్పండి. ఒక్క రోజు విలువను బట్టి తాత్కాలికంగా దెబ్బతిన్నదో, ఏళ్లుగా తగ్గుతూ వస్తోందో తేల్చడం కష్టం. కనీసం మూడు నెలల ఎడంతో ఉన్న రెండు విలువలు చేతిలో ఉంటే డాక్టరుకు ఆ తేడా అక్కడికక్కడే తెలుస్తుంది.